గొళ్ళెం చప్పుడు

(బాలల సంరక్షణ సిబ్బంది శిక్షణ తరగతిలో ఒక కౌన్సెలర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి చాలు. మీ హోంలో బాత్‌రూం తలుపులకు లోపల గొళ్ళెం ఉందా? సరే, దాదాపు అందరూ ఎత్తారు. ఆ గొళ్ళెం వేస్తే ఎంత చప్పుడవుతుందో తెలిసినవాళ్ళు? చూశారా, ఒక్క చెయ్యే లేచింది, అదీ చివరి వరసలో. మీరేం చేస్తారమ్మా? నైట్ డ్యూటీ ఆయమ్మా. నేను అనుకున్నదే. మీరు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉంది. పర్లేదు రండి, అది ఎవరి కోసమూ పెట్టింది కాదు. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం మీ గురించే.

కొన్నేళ్ళ క్రితం ఒక బాలికల హోంకి వారానికి రెండు రోజులు వెళ్ళేదాన్ని. ఏ జిల్లా అని అడక్కండి. పాప వివరాలు కూడా మార్చే చెబుతున్నాను. ఇలాంటి పిల్లల్ని ఎవరైనా గుర్తుపట్టేలా బయటపెట్టడం జేజే చట్టం, అంటే బాలల న్యాయ చట్టం, 74వ సెక్షన్ ప్రకారం నేరం. మనందరికీ తెలిసిన సెక్షనే. అయినా సాయంత్రం టీ కొట్టు దగ్గర పేరుతో సహా మాట్లాడేసుకుంటాం, అది వేరే సంగతి.

ఆ పాపకు పన్నెండేళ్ళనుకోండి. పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసు. ఇలాంటి పిల్లల్ని ఎక్కడ ఉంచాలో నిర్ణయించే బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీద హోంకి వచ్చింది. వచ్చిన నెలలోపే వార్డెన్ దగ్గర్నుంచి ఫిర్యాదు. స్నానానికి పోదు, పోయినా తలుపెయ్యదు, ఇదేమైనా సత్రమా, మిగతా పిల్లలు నవ్వుతున్నారు, వట్టి మొండిఘటం అని. స్కూల్లో హెడ్మాస్టరు గారిది ఇంకో గోల. పిల్ల క్లాసులో నిద్రపోతుంది, మధ్యాహ్నం అయ్యేసరికి తలనొప్పి అంటుంది, ఇచ్చిన వాటర్ బాటిల్ నిండుగా తీసుకొచ్చి నిండుగా తీసుకుపోతుంది. డాక్టరు గారి దగ్గర చీటీలున్నాయి. ఐదు నెలల్లో మూడుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్. మూడుసార్లూ మాత్రలు రాసి, కింద ‘నీళ్ళు బాగా తాగాలి’ అని కూడా రాశారు. ఆయన తప్పేం లేదు, ఆయనకు కనిపించినంత వరకు సరైన వైద్యమే అది.

నా సంగతి చెప్పాలి కదా. నాకు కారణం తెలుసు. నాలుగైదు వారాలు బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నాక, ఆ పిల్ల ఒకరోజు తలెత్తకుండా ఒక మాట చెప్పింది. జరిగినదాంట్లో తనకు ఇప్పటికీ చెవిలో వినిపించేది ఆ మనిషి లోపల్నుంచి గొళ్ళెం వేసిన చప్పుడట. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను, బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. క్లయింటు చెప్పింది బయటికి పోకూడదని చదువుకున్నదాన్ని కదా! అదే మాట సమితి ఫైల్లో ఉన్న వాంగ్మూలంలో కూడా ఉందని తర్వాత తెలిసింది. అంటే రెండు బీరువాల్లో ఉంది. స్కూల్లో లేదు, ఆస్పత్రిలో లేదు, బాత్‌రూం తలుపు దగ్గర లేదు.

ఒకరోజు నా బస్సు తప్పిపోయింది. రాత్రి తొమ్మిది దాకా హోంలోనే ఉండిపోవాల్సి వచ్చింది. వెనక వైపు వెళ్తే, బాత్‌రూం ముందు ఆయమ్మ బక్కెట్టు బోర్లించుకుని కూర్చుని ఉంది. ఒక కాలు చాపి తలుపుకి అడ్డంగా పెట్టింది. తలుపు పూర్తిగా పడదు, బార్లా తెరుచుకోదు. లోపల్నుంచి నీళ్ళ చప్పుడు. కాసేపటికోసారి లోపలి నుంచి "ఉన్నవా?" అని వినిపిస్తుంది. ఆయమ్మ "ఉన్న బిడ్డా" అంటుంది. ఇంకేం మాటల్లేవు. ఏంటమ్మా ఇది అనడిగితే ఆమె, "గొళ్ళెం సప్పుడైతే దీని పానం గిలగిల కొట్టుకుంటది మేడం. గందుకే నేను కాలు అడ్డం పెడ్త. రోజూ గింతే" అంది. ఎన్నాళ్ళ నుంచి అంటే, వచ్చిన వారం నుంచీనట. ఎవరికైనా చెప్పావా అన్నాను. "నన్నెవరడిగిండ్రు మేడం?"

నేను పీజీ చేసి, ట్రైనింగులు తీసుకుని, ఐదు వారాలకు తెలుసుకున్నది ఆమె ఒక్క వారంలో పట్టేసింది. తెలుసుకుని నేను బీరువాలో పెట్టుకున్నాను. ఆమె కాలు అడ్డం పెట్టింది.

తెనాలి రామలింగడి పిల్లి కథ మీ అందరికీ తెలుసు. రాయలవారు పిల్లిని పెంచమని ఇస్తే, ఈయన మొదటి రోజే సలసల కాగే పాలు పెట్టాడు, పిల్లి మూతి కాలింది. ఆ తర్వాత సభలో పాలగిన్నె చూపించగానే పిల్లి పరుగో పరుగు. చిన్నప్పటి నుంచి రాయలవారితో పాటు మనమూ నవ్వుతున్నాం. పిల్లి వైపు నుంచి ఆ కథ ఎవరూ చెప్పలేదు. సభలో పెట్టిన పాలు చల్లనివే. ఆ సంగతి పిల్లికి ఎంత వివరించినా లాభం లేదు, ఎందుకంటే పారిపోవాలని నిర్ణయించింది దాని బుర్ర కాదు, మూతి. మన పిల్లల్లో ట్రామా, అంటే మనసుకి తగిలిన గాయం, అచ్చం ఇలాగే ఉంటుంది. ఇక్కడ నిన్నెవరూ ఏమీ చెయ్యరమ్మా, ఇది సేఫ్ ప్లేస్ అని మనం చెబుతాం. పిల్ల తలూపుతుంది కూడా. తర్వాత ఎక్కడో చప్పుడు వినిపిస్తుంది, ఒక సబ్బు వాసన తగులుతుంది, ఎవరో వెనక నుంచి భుజం మీద చెయ్యి వేస్తారు. ఆలోచన అందుకునే లోపే గుండె దడదడలాడుతుంది, ఒళ్ళు బిగుసుకుంటుంది. కొందరు తిరగబడతారు, కొందరు గోడ దూకుతారు, కొందరు రాయిలా అయిపోతారు. తిరగబడ్డవాడికి మనం రౌడీ అని పేరు పెడతాం, గోడ దూకినవాడి పేరు రిజిస్టర్‌లో రన్అవే అని రాస్తాం. రాయిలా అయిపోయిన పిల్లని మాత్రం చాలా బుద్ధిమంతురాలు అంటాం. నాకు భయం వేసేది ఆ మూడో రకం పిల్లల గురించే.

సరే, ఆ తర్వాత ఏం జరిగిందంటే, వార్డెన్‌ని, స్కూలు నుంచి క్లాస్ టీచర్ని, జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి కేసు చూసే ఆమెని ఒక గదిలో కూర్చోబెట్టాను. డాక్టరు గారు ఫోన్లో ఉన్నారు. ఆయమ్మని పిలిస్తే వార్డెన్ మొహం కాస్త మారింది. ఆయమ్మ కుర్చీలో కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడింది. పది నిమిషాల్లో అంతా బయటపడింది. గొళ్ళెం వేస్తారని స్కూల్ టాయిలెట్‌కి వెళ్ళదు. వెళ్ళకూడదంటే నీళ్ళు తాగకూడదు. నీళ్ళు తాగదు కాబట్టి తలనొప్పి, బిగబట్టుకుంటుంది కాబట్టి ఇన్ఫెక్షన్. రాత్రి నిద్ర పట్టదు కాబట్టి పగలు క్లాసులో నిద్ర. ఐదుగురి చేతుల్లో ఐదు ముక్కలున్నాయి, ఐదూ నిజాలే. టీచరమ్మ ఏడ్చేసింది, అంతకుముందు వారమే ఆ పిల్లని బయట నిలబెట్టిందట.

పరిష్కారం వింటే నవ్వొస్తుంది. హోంలో ఒక బాత్‌రూంకి గొళ్ళెం ఊడబీకించి కర్టెన్ కట్టించాం. ఖర్చు ఎంతో గుర్తులేదు, రెండు వందలు దాటి ఉండదు. స్కూల్లో ఒక స్నేహితురాలు తలుపు దగ్గర నిలబడేలా ఏర్పాటు. ఇన్ఫెక్షన్ మళ్ళీ రాలేదు. కానీ అంతా బాగైపోయిందని చెప్పను. నిద్ర కుదురుకోవడానికి చాలా నెలలు పట్టింది. మధ్యలో కొత్త వాచ్‌మన్ ఒకాయన గేటు దబ్బున వేస్తే, పిల్ల సాయంత్రం దాకా మంచం కింద నుంచి రాలేదు. ఆయనకి మేం చెప్పలేదు. కొత్తగా చేరినవాళ్ళకి చెప్పాలన్న ఆలోచనే మాకు రాలేదు.

ఇక్కడ మీలో కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. అయితే మేడం, పిల్ల సంగతి అందరికీ చెప్పేయాలా? వద్దు. నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఒకటే. ఏం జరిగిందో చెప్పక్కర్లేదు, ఏం కావాలో చెబితే చాలు. వాచ్‌మన్‌కి కేసు అక్కర్లేదు, గేటు మెల్లగా వెయ్యాలని తెలిస్తే చాలు. టీచరమ్మకి ‘ఈ పిల్లకి తలుపు వేసి ఉంటే ఊపిరాడదు, వెనక నుంచి ముట్టుకోవద్దు’ అని చెబితే చాలు. ఎందుకని ఆవిడ అడిగితే, అది పిల్లది, పిల్ల ఎప్పుడైనా చెప్పాలనుకుంటే చెబుతుంది అనాలి. ఇంకో సంగతి, ముందు పిల్లని అడగాలి. నేను ఆ మీటింగుకి ముందు అడిగాను. ఎవరికి చెప్పమంటావు అంటే కాసేపు ఆలోచించి, "టీచర్‌కి చెప్పండి. హెడ్మాస్టర్ సార్‌కి మాత్రం వద్దు" అంది. హెడ్మాస్టరు గారిని ఆ మీటింగుకి పిలవలేదు. ఆయన నా మీద ఇప్పటికీ కోపంగా ఉన్నారు.

జరిగినది చెప్పడమే పెద్ద శిక్ష మన పిల్లలకి. లెక్కపెట్టండి. మొదట ఇంట్లోవాళ్ళకి. తర్వాత పోలీసులకి. మెజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం. ఆస్పత్రిలో డాక్టరు పరీక్ష చేసేటప్పుడు ‘ఏమైందమ్మా’ అని ఒకసారి. సమితి ముందు. పిల్ల ఇంటి పరిస్థితులు ఆరా తీసే సామాజిక దర్యాప్తు రిపోర్టుకి వచ్చిన ఆమెకి. హోంలో అడ్మిషన్ రాసుకునేటప్పుడు. కౌన్సెలర్‌కి, అంటే నాకు. చివర కోర్టులో. ఈ లోపు ఎవరైనా బదిలీ అయితే కొత్తగా వచ్చినవాళ్ళకి మళ్ళీ మొదటి నుంచి. పోక్సో చట్టంలో దీనికి అడ్డుకట్టలు ఉన్నాయి. పిల్ల ఇంటి దగ్గరో, తను చెప్పిన చోటో వాంగ్మూలం తీసుకోవాలి, పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, సాక్ష్యానికి పదేపదే కోర్టుకి పిలవకూడదు. అవన్నీ ఒక్కో గడప దగ్గర పనికొస్తాయి. కానీ గడపకీ గడపకీ మధ్య పిల్లే తన కథని మోసుకుపోవాలి, కూలీలా.

ఈ గడపల సంఖ్య తగ్గించాలని ప్రయత్నించినవాళ్ళున్నారు. ఐస్‌లాండ్‌లో 1998లో ‘బార్నాహుస్’ అని మొదలుపెట్టారు, అంటే పిల్లల ఇల్లు. మామూలు ఇల్లులాగే ఉంటుంది. శిక్షణ పొందిన ఒక్క మనిషి పిల్లతో మాట్లాడతారు. పోలీసులు, వకీళ్ళు పక్కగదిలో తెర మీద చూస్తారు. అడగాల్సింది ఉంటే ఆ మనిషి ద్వారానే అడగాలి. మాటలు రికార్డవుతాయి. మన హైదరాబాద్‌లో 2016లో పోలీసులు మొదలుపెట్టిన భరోసా కేంద్రం ఆలోచన కూడా ఇంచుమించు అదే. పోలీసు, వైద్యం, న్యాయసాయం, కౌన్సెలింగ్ అన్నీ ఒకే కప్పు కింద. పిల్లల కోసం కోర్టు కూడా అక్కడే వచ్చింది. నేను కొందరు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాను. రంగుల గోడలు, బొమ్మలు బావుంటాయి కానీ నాకు నచ్చింది అది కాదు. ఒక మేడం ఇంకో మేడంని చేత్తో చూపించి, ‘ఈ అక్కకి నేను చెబుతాలే, నువ్వు చెప్పక్కర్లేదు’ అంటారు చూడండి, ఆ క్షణంలో పిల్ల భుజాలు కిందికి దిగుతాయి.

ఒకే కప్పు లేకపోతే ఏమవుతుందో లండన్ చెప్పింది. 2000 ఫిబ్రవరిలో అక్కడ విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ళ పాప చనిపోయింది. ఐవరీ కోస్ట్ నుంచి చదువు కోసమని బంధువు వెంట వెళ్ళిన పిల్ల. ఆ ఇంట్లోనే హింసించి చంపారు. సామాజిక సేవల విభాగాలకి, పోలీసులకి, రెండు ఆస్పత్రులకి అందరికీ ఆ పిల్ల తెలుసు. లార్డ్ లామింగ్ విచారణ చేసి, కాపాడగలిగిన అవకాశాలు పన్నెండు పోగొట్టుకున్నారని 2003లో రిపోర్టు ఇచ్చారు. దాని తర్వాత 2004లో పిల్లల చట్టం తెచ్చి, శాఖలన్నీ కలిసి పనిచెయ్యాలని రాశారు. కమిటీలు వచ్చాయి, ఫారాలు వచ్చాయి. మూడేళ్ళకి, 2007లో, విక్టోరియా ఉన్న అదే హారింగే ప్రాంతంలో పదిహేడు నెలల బాబు ఒకడు అలాగే చనిపోయాడు. వాడినీ అందరూ చూస్తూనే ఉన్నారు. చట్టం దండగ అని నేను అనట్లేదు. చట్టం మనల్ని ఒక గదిలో కూర్చోబెట్టగలదు. ఆ గదిలో నోరు విప్పించడం దాని వల్ల కాదు.

మన దగ్గర చట్టం ఏం తక్కువ కాదు. పిల్లని 24 గంటల్లో సమితి ముందు హాజరుపరచాలి. సామాజిక దర్యాప్తు 15 రోజుల్లో పూర్తవ్వాలి. ప్రతి పిల్లకీ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలి, జేజే చట్టం కింద వచ్చిన మోడల్ రూల్స్‌లో ఏడో నంబరు ఫారం. హోం నిర్వహణ కమిటీ నెలకోసారి కూర్చోవాలి. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. నేను ఒకచోట అలమరలో ఉన్న ఏడో నంబరు ఫారాలు వరసగా తీసి చూశాను. ‘పిల్ల అవసరాలు’ అన్నచోట అందరికీ ‘చదువు, కౌన్సెలింగ్’. లక్ష్యం అన్నచోట అందరికీ ‘మంచి పౌరురాలిగా తీర్చిదిద్దడం’. ముప్పై పేర్లు, ఒక్క పిల్లే! రాసినామెని నిందించలేం. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, మూడు నెలలుగా జీతం రాలేదు, రేపు ఇన్‌స్పెక్షన్. ఆ పరిస్థితిలో నేనైనా అదే రాసేదాన్ని.

కాబట్టి కొత్త ఫారం పెట్టమని నేను చెప్పను. ఉన్నదానికి ముందు ఒక కాగితం కుట్టండి, చేత్తో రాసినదైనా సరే. ఈ పిల్లకి దేనికి భయం, భయం వేస్తే ఏం చేస్తుంది, అప్పుడు ఎవరు దగ్గరుంటే కుదుటపడుతుంది, మనం పొరపాటున కూడా చెయ్యకూడనిది ఏంటి. అది ఆయమ్మని కూర్చోబెట్టి, ఆమె చెప్తుంటే రాయండి. రాత్రి రెండు గంటలకి పిల్ల ఎలా ఉంటుందో మనలో ఎవరం చూశాం చెప్పండి? పిల్ల ఇంకో హోంకి మారినా, స్కూలు మారినా ఫైలు కంటే ముందు ఆ కాగితం వెళ్ళాలి.

రెండోది, ప్రతి పిల్లకీ ఒక పెద్ద దిక్కు ఉండాలి. మనిళ్ళల్లో అంటాం కదా, ఆ ఇంటికి ఆయనే పెద్ద దిక్కు అని. డాక్టరుకి ఏమన్నా అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి? కోర్టు తేదీ మారితే ఎవరికి తెలియాలి? అందరి బాధ్యత అంటే ఎవరూ ఫోన్ ఎత్తరు. పోక్సో కేసుల్లో 2020 రూల్స్ ప్రకారం సమితి సహాయక వ్యక్తిని, అంటే కేసు నడిచినన్నాళ్ళూ పిల్లకి తోడుండే మనిషిని, నియమించవచ్చు. హోం అధికారిని గానీ, జిల్లా విభాగంలో పనిచేసేవాళ్ళని గానీ, పిల్లల హక్కుల మీద పనిచేసే సంస్థ మనిషిని గానీ వెయ్యొచ్చు. పేరు రాసి ఊరుకోకుండా, ఆ పేరూ ఫోన్ నంబరూ స్కూల్లో, ఆస్పత్రిలో, హోం గోడ మీద కూడా ఉండేలా చూడండి. కేసు లేని పిల్లలకి ఏ రూలూ చెప్పకపోయినా మీరే ఒకరిని అనుకోండి. బదిలీ అయితే వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఇద్దరూ కలిసి పిల్లకి చెప్పాలి. చెప్పకుండా మాయమయ్యే పెద్దల్ని వాళ్ళు ఇప్పటికే చాలామందిని చూసి ఉన్నారు.

పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళ సంగతి గంటసేపు చెప్పాల్సింది, ఇప్పుడు టైం లేదు. ఒక్క ఫోన్ కాల్ గురించి చెబుతాను. హోం నుంచి వెళ్ళి నాలుగు నెలలైన కుర్రాడు రాత్రి పదకొండింటికి చేశాడు. నేను కంగారుపడి, ఏరా ఒంట్లో బాలేదా అన్నాను. "లేదక్కా, జాబ్ అప్లికేషన్ నింపుతున్నా. పర్మినెంట్ అడ్రస్ దగ్గర ఏం రాయాలి?" అన్నాడు. పదేళ్ళు పెరిగిన హోం అడ్రస్ రాయొచ్చా అని వాడి సందేహం. రాస్తే అక్కడికి ఉత్తరం వస్తుంది, ఇచ్చేవాళ్ళెవరు? చట్టం 18 నుంచి 21 దాకా ఆఫ్టర్‌కేర్, అంటే హోం విడిచాక ఇచ్చే ఆసరా, అంటుంది, కేంద్రం పథకం మిషన్ వాత్సల్యలో నెలకి 4,000 రూపాయలు ఉంది. ఆ డబ్బు రావాలంటే బ్యాంకు ఖాతా కావాలి, ఖాతాకి ఆధార్, ఆధార్‌లో పుట్టినరోజు ఒకటి, స్కూల్ సర్టిఫికెట్లో ఇంకొకటి. వాడి అసలు పుట్టినరోజు వాడికే తెలియదు, ఎవరో జనవరి ఒకటి అని వేశారు. ఇవన్నీ పదహారేళ్ళప్పుడు సరిచెయ్యొచ్చు. ఆఖరి నెలలో పరిగెత్తితే అవవు. ఆ రాత్రి వాడికి నా అడ్రస్ రాయమని చెప్పాను. అది సరైన పనో కాదో ఇప్పటికీ తెలియదు, ఆ టైంకి ఇంకేం తోచలేదు.

చివరగా ఆ పాప గురించి అడుగుతారు, చెప్పేస్తాను. దాదాపు ఏడాదిన్నర తర్వాత వాళ్ళ పెద్దమ్మ ఇంటికి పంపారు, ఇంట్లోనే పెంచడానికి ప్రభుత్వం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సాయం కూడా మంజూరైంది. వెళ్ళడానికి రెండు నెలల ముందు ఒకరోజు నా గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. ఏంటమ్మా అంటే, "మేడం, ఆ బాత్‌రూంకి గొళ్ళెం పెట్టించండి. చిన్నపిల్లలు ఊరికే కర్టెన్ లాగేస్తున్నారు" అంది. కార్పెంటర్ ఇత్తడి గొళ్ళెం తెచ్చాడు. వేసి చూసి, బాగా చప్పుడవుతోందని తనే మొహం ముడుచుకుంది. అతను సంచిలో వెతికి, జరిపే రకం ఇంకోటి తీశాడు. దాన్ని నాలుగైదుసార్లు అటూ ఇటూ జరిపి, లోపలికి వెళ్ళి వేసుకుంది. ఆయమ్మ అలవాటు కొద్దీ బక్కెట్టు బోర్లించుకుని బయట కూర్చుంది. లోపల్నుంచి "ఉన్నవా?" అని వినిపించింది. ఆయమ్మ "ఉన్న బిడ్డా" అంది. "ఇగ పో, నేను వస్త" అంది పిల్ల.

ప్రశ్నలుంటే అడగండి. ముందు ఈ కుర్చీలో కూర్చున్న ఆయమ్మకి మైకివ్వండి.